కొండ దిగి కాపురానికొచ్చిన కోట

షార్కో కోటను ఎవరు కూల్చారని ఆ ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే జవాబు: "ఇంకెవరు, టర్కీ వాళ్ళే." పాలు తాగే పిల్ల కూడా అదే అంటుంది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా పిరోష్కకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"టర్కీ సైన్యం ఈ కోట గుమ్మం కూడా తొక్కలేదయ్యా! వచ్చినప్పుడల్లా సరస్సు నీళ్ళు తాగి, కడుపు పట్టుకుని, వచ్చిన దారినే పోయారు!"

"పోతూ పోతూ కూల్చి ఉంటార్లే" అంటారు ఊరివాళ్ళు, ఆమెను బుజ్జగిస్తున్నట్టు.

పిరోష్క ఆ కోటకు కాపలాదారు. తాళాలు ఆమెవే, చీపురూ ఆమెదే. ఎండాకాలంలో సరస్సులో ఈదడానికి వచ్చిన జనం ఒళ్ళు కాలి, తోచక కొండెక్కితే వాళ్ళకు కథ చెప్పేదీ ఆమే. ఆమె తండ్రి ఆ కొండ మీది ద్రాక్షతోటలకు కావలివాడు. అందువల్ల ఆమెకు నడక వచ్చింది కోట గోడ పట్టుకునే. మేకలను కోట ముంగిట్లోకి తోలి, పాడుబడ్డ చర్చి గోడకు చేరబడి కూచునేది. ఆ గోడలో బండిచక్రమంత గుండ్రటి కిటికీ ఉంది. పొద్దున పూట ఆ కిటికీలోంచి గుండ్రటి ఎండ నేల మీద పడి, మెల్లగా జరుగుతూ జరుగుతూ గడ్డిలోకి వెళ్ళిపోయేది. ఆ ఎండ వెంట తనూ జరుగుతూ కూచోవడం పిరోష్క చిన్ననాటి ఆట. ఆ ఎండలో కూచునే బడి పంతులు చెప్పిన కోట కథంతా కంఠతా పట్టింది.

ఆ కథలో లోటేమీ లేదు. తార్తారులు వచ్చి దేశాన్ని ఊడ్చుకుపోయాక, కొండ కనపడ్డ చోటల్లా కోట కట్టమన్నాడు రాజు. ఈ కొండ మీద కట్టించినవాడు ఒక బిషప్పు. దేవుడి మీద నమ్మకం ఉన్నా, గోడలు మాత్రం నాలుగు మూరల మందాన కట్టించాడు. సుల్తాను సైన్యం వచ్చిన ఏడాది కోట దళపతి జ్వరంతో పోతే, అతని పెళ్ళాం ఏడవడం మానేసి, గోడెక్కి, మరుగుతున్న చేపల పులుసు శత్రువుల నెత్తిన పోయించింది. చివరికి కోటను పేల్చిందెవరు? వియన్నాలోని చక్రవర్తి. తిరుగుబాటుదారులు వచ్చి దాక్కుంటారని భయపడి, తన కోటకు తనే మందు పెట్టించాడు. ఆ మందు కూడా సరిగ్గా పేలలేదు. సగం కోట నిలబడే ఉంది.

"మరి ఆ సగం ఏమైందండీ?" అని వచ్చినవాళ్ళలో తెలివైనవాళ్ళు అడుగుతారు.

పిరోష్క కింద ఊరివైపు చెయ్యి చాపుతుంది. "అదిగో. కోట ఎక్కడికీ పోలేదు. కొండ దిగి ఊళ్ళోకి కాపురానికొచ్చింది."

నిజమే. షార్కోలో పందుల పాక చూసినా, సారాయి నేలమాళిగ చూసినా, బావి గట్టు చూసినా కోట రాయే. ఎడ్లబండ్ల మీద తాతలు దించారు, తోపుడుబండ్ల మీద తండ్రులు దించారు. కొడుకులు మాత్రం టర్కీ వాళ్ళు కూల్చారని చెబుతున్నారు.

ఇంత కథా చెప్పి, సాయంత్రం కొండ దిగి ఇంటికి వస్తే అక్కడ ఎతెల్క ఉంటుంది.

ఎతెల్క పిరోష్కకు అత్తగారు. పొట్టి మనిషి, నల్ల రుమాలు, అంతకన్నా నల్లటి నాలుక. ఆ ఇంట్లో వంటగది ఆమె రాజ్యం. అందులోనూ వెనక కొట్లో ఉన్న క్యాబేజీ పీపా ఆమె సింహాసనం. అక్టోబరు రాగానే క్యాబేజీ కొంత తురిమి, కొంత కాయలకు కాయలే పీపాలో పేర్చి, ఉప్పు వేసి, మూతచెక్క పెట్టి, దాని మీద బరువురాయి ఎత్తుతుంది. క్రిస్మస్ దాకా అది పులవాలి. ఆ పులిసిన ఆకుల్లో మాంసం చుట్టి వండితే తప్ప షార్కోలో క్రిస్మస్ రాదు. క్యాబేజీ రుచి ఉప్పులో లేదు, పీపాలో లేదు, రాయిలో ఉందని ఆ ఊరి ఆడవాళ్ళ నమ్మకం. రాయి అత్త నుంచి కోడలికి వస్తుంది, అదీ అత్త పోయాకే. అప్పటిదాకా కోడలు దాని మీద చెయ్యి వేయకూడదు.

"నీ చేతిలో చలవ లేదే అమ్మాయ్. నువ్వు ముట్టుకుంటే పులవదు, కుళ్ళుతుంది" అని పెళ్ళయిన మొదటి వారమే చెప్పేసింది ఎతెల్క.

అప్పటి నుంచి అత్త కొట్టులో, కోడలు కొండ మీద. మధ్యలో కొడుకు వెందెల్ సరస్సు మీద, పడవలో. అతను చేపలు పట్టేవాడు. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా అతనికి చేపలు గుర్తొచ్చేవి. ఆ ఊళ్ళో అతనంత పట్టుదలగా చేపలు పట్టినవాడు లేడు.

కాపురం అలా సాగుతుండగా ఒక వసంతకాలం గాలివానకు చర్చి గోడ బీటలిచ్చింది. గుండ్రటి కిటికీ చుట్టూ ఉన్న రాళ్ళు ఊడి పొదల్లో పడ్డాయి. బుడాపెస్ట్ నుంచి సలోకి అనే ఇంజనీరు వచ్చి, గోడకు దుంగలు ఆనించి, పరంజా కట్టించాడు. పిరోష్క పొదల్లో దూరి, మోకాళ్ళు గీరుకుపోయేలా వెతికి, కిటికీ రాళ్ళన్నీ ఏరింది. ఆ రాళ్ళ మీద రెండు పక్కల నుంచీ ద్రాక్షతీగ పాకుతూ పైకి వస్తుంది. సరిగ్గా నడినెత్తిన, రెండు తీగలూ కలవాల్సిన చోట, రాయి లేదు. అది గాలివానకు పడ్డది కాదు. ఆ చోట ఎప్పుడో ఎవరో ఇటుకలు కుక్కారు.

"రాళ్ళన్నిటినీ బిగించేది ఆ పైరాయే" అన్నాడు సలోకి. "అది కూచుంటే దుంగలు తీసేయొచ్చు. అది లేకపోతే చలి ముదరకముందే గోడను నేనే దించేయాలి. బీటల్లో నీళ్ళు గడ్డకట్టాయంటే, దానంతటదే దిగుతుంది."

"కొత్తది చెక్కించరాదా?"

"ఆ రకం రాయి రావాలంటే వచ్చే వసంతం. చలి అప్పటిదాకా ఆగుతుందంటారా?"

పంచాయతీ అధ్యక్షుడు బెర్తలన్ తలకాయ గోక్కున్నాడు. "గోడ పోతే ఇంక అక్కడ చూడ్డానికేముంది? గేటుకు తాళం వేసేద్దాం. పిరోష్క కూడా పాపం ఇన్నాళ్ళూ కొండెక్కి దిగింది, ఇంటిపట్టున విశ్రాంతి తీసుకుంటుంది."

ఇంటిపట్టున అన్న మాట వినగానే పిరోష్కకు ఎతెల్క వంటిల్లు కళ్ళముందు కదిలింది.

అయితే బెర్తలన్‌కు ఒక ఉపాయం తట్టింది, అదే కొంప ముంచింది. ఆదివారం పూజ అయ్యాక ఊరి చర్చి మెట్ల మీద నిలబడి ప్రకటించాడు: "ఎవరింట్లో కోట రాయి ఉన్నా తెచ్చి కోట ముంగిట్లో పెట్టండి. ఎక్కడిదని అడిగేవాడు లేడు. మన కోట మనమే నిలబెట్టుకుందాం!"

జనం చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. మర్నాటి నుంచి బండ్లు కొండెక్కడం మొదలెట్టాయి. పిరోష్క సంబరంగా గేటు తీసి, రెండో బండి దిగేసరికి మళ్ళీ మూసేద్దామా అనుకుంది. ఎవరూ తమ గోడ పీకి తేలేదు. పెరట్లో అడ్డం ఉన్నదల్లా తెచ్చారు. పొలంలో దున్నుతుంటే తగిలిన బండలు, పగిలిన సిమెంటు దిమ్మెలు, కూలిన పొయ్యి, కాలు విరిగిన స్నానపు తొట్టి!

"ఇది కోటదా? ఈ స్నానపు తొట్టి?" అని అరిచింది పిరోష్క.

"దళపతి పెళ్ళాం స్నానం చేయదా ఏంటమ్మా?" అన్నాడు తెచ్చినవాడు, ఏ మాత్రం తొణక్కుండా.

నెల తిరిగేసరికి ముంగిట్లో గుట్ట గోడకన్నా ఎత్తు పెరిగింది. బిషప్పు కట్టించిన నాడు కూడా ఆ కోటలో అన్ని రాళ్ళు ఉండి ఉండవు. ఆ గుట్టలో కావలసిన ఒక్క రాయి తప్ప అన్నీ ఉన్నాయి.

సలోకి పక్కరాళ్ళను కొలిచి, అట్టముక్క మీద ఆ పైరాయి ఆకారం కత్తిరించి ఇచ్చాడు. కింద సన్నంగా, పైన వెడల్పుగా ఉంటుంది. పిరోష్క ఆ అట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పందుల పాకల్లో దూరింది, బావుల్లోకి వంగింది. పోయిన ప్రతి ఇంట్లో రాయి బదులు ఒక గ్లాసు పాలింక అనే పళ్ళ సారా, ఒక సలహా ఇచ్చారు. సారా మాట దేవుడెరుగు, సలహాలకే ఆమెకు తల తిరిగింది.

"టర్కీ వాళ్ళను అడగకపోయావా?" అన్నాడు ఒక ముసలాయన.

నవంబరు వచ్చేసింది. సెయింట్ మార్టిన్ పండుగకు బాతులు కోయడానికి ఊరు కత్తులు నూరుతోంది. మార్టిన్ తెల్లగుర్రమెక్కి వస్తే మంచు తెస్తాడని పెద్దలంటారు. సలోకి రోజూ ఆకాశం వంక చూస్తున్నాడు. పండుగ మర్నాడు గోడ దించేస్తానన్నాడు.

ఆ సాయంత్రం పిరోష్క బురద కాళ్ళతో ఇంటికొచ్చి, వంటింటి గుమ్మం ముందున్న గుండ్రటి చెక్క మీద బూట్లు రాసుకుంది. అది క్యాబేజీ పీపా పాత మూత. ఎప్పుడో కొత్తది చేయించాక ఎతెల్క దాన్ని గుమ్మం ముందు పడేసింది. ఏళ్ళ తరబడి ఆమె దాని మీదే బూట్లు రాస్తోంది. ఆ రోజు చేతిలో అట్టముక్క జారి ఆ చెక్క మీద పడింది. తీద్దామని వంగింది. వంగింది వంగినట్టే ఉండిపోయింది.

చెక్క మధ్యలో, రాయి బరువుకు అణిగిన గుంట ఉంది. అట్టముక్క ఆ గుంటలో పెట్టినట్టు కూచుంది.

పిరోష్క పరుగున బకెట్టు నీళ్ళు తెచ్చి బురద కడిగింది. తడిసిన చెక్కలో అచ్చు తేలింది. ఇటునుంచి ఒక ద్రాక్షతీగ, అటునుంచి ఒక ద్రాక్షతీగ. రెండూ కలిసిన చోట ఒక పిట్ట, ముక్కుతో ద్రాక్షపండును పొడుస్తోంది. ఇన్నేళ్ళూ దాన్ని ఆమె కోడిపిల్ల కాళ్ళ గుర్తనుకుంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా!

కొట్టు తలుపు తోసుకుని వెళ్ళింది. ఎతెల్క పీపా అంచు మీద నురగ తుడుస్తోంది.

"అత్తయ్యా, ఆ రాయి ఒకసారి తిప్పండి."

"ఎందుకే?"

"దాని అడుగున పిట్ట ఉందా?"

"ఉంది. లేకపోతే రాయెందుకవుతుంది? ఆ పిట్టే కదా క్యాబేజీని పట్టుకునేది."

"అది కోట కిటికీ రాయి అత్తయ్యా! ఊరంతా వెతుకుతున్నది దానికోసమే! మీకు తెలుసు కదా?"

"నన్నెవరడిగారు? నువ్వు అందరిళ్ళకూ పోయావు, మా ఇంటికి రాలేదు."

పిరోష్కకు నోటిదాకా ఒక మాట వచ్చింది. కానీ అది పైకి అనదగ్గ మాట కాదు, మింగేసింది.

"గోడ పడిపోతుంది అత్తయ్యా. ఇవ్వండి."

"ఇప్పుడా? పీపా పొంగు మీద ఉన్నప్పుడా? బాలింతను మంచం మీంచి లేపుతారటే? ఆ గోడ రెండొందల ఏళ్ళు ఈ రాయి లేకుండా నిలబడింది. నా క్యాబేజీ ఒక్క పూట నిలబడదు."

"ఆ గోడలోంచి ఈ రాయిని పీకిందెవరు మరి?"

"టర్కీ వాళ్ళు" అంది ఎతెల్క, తొణక్కుండా.

వెందెల్ అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టాడు. ఇద్దరూ ఒక్కసారే అతనివైపు తిరిగారు.

"నువ్వే చెప్పరా, అమ్మ క్యాబేజీ ముఖ్యమా, బిషప్పుగారి కిటికీ ముఖ్యమా?" అంది ఎతెల్క.

"వెందెల్, నువ్వు మాట్లాడకపోతే ఈ రాత్రి నీ పడక పడవలోనే!" అంది పిరోష్క.

అడకత్తెరలో పోకచెక్క అయిపోయిన వెందెల్ అటు చూశాడు, ఇటు చూశాడు. "గాలి మారింది. చేపలు పైకి వస్తుంటాయి" అని చెప్పి, తీసిన టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

మర్నాడు ఎతెల్క కాస్త దిగొచ్చింది. దిగొచ్చిందని పిరోష్క అనుకుంది. "సరే, ఇస్తాను. దానికి సాటి వచ్చే రాయి నాకు చూపించు" అంది ముసలామె, రుమాలు బిగించి కట్టుకుని. అన్నేళ్ళలో మొదటిసారి కోట కొండెక్కింది.

ఇంక చూడాలి ఆ తతంగం! పెళ్ళిచూపులకు వచ్చిన మగపెళ్ళివారి పెద్దలా గుట్ట చుట్టూ తిరిగింది. ఒక్కొక్క రాయినీ వేళ్ళతో తట్టింది, వాసన చూసింది, కొన్నిటిని నాలుకతో కూడా చూసింది.

"ఇది రోజాలియా పందుల పాకది. వాళ్ళింట్లో క్యాబేజీ ఎప్పుడూ మెత్తనే. ఇది బెర్తలన్ తాతది. ఆ తాతా ఇంతే, బరువు లేదు, శబ్దం ఎక్కువ. ఇదేంటి, సిమెంటు! ఛీ, దీన్నెవడు తెచ్చాడు?"

"పోనీ ఇది అత్తయ్యా? నదిరాయి, నున్నగా ఉంది."

"మరీ నున్నన. నీ మొగుడిలా. దేన్నీ పట్టి ఉంచదు."

ఒక రోజు గడిచింది. ఇంకో రోజు గడిచింది. సలోకి పరంజా మీంచి ఆ ముసలామెను చూస్తూ, పిచ్చెక్కినట్టు సిగరెట్లు కాలుస్తున్నాడు. రాళ్ళు ఎత్తి ఎత్తి చూపించి పిరోష్కకు నడుం పడిపోయింది. పండుగ నాటి పొద్దున, చలిగాలికి సరస్సు మీద పొగ లేస్తుండగా, ఎతెల్క ఉన్నట్టుండి ఆగింది.

"దొరికింది. అదిగో, అది ఇవ్వండి."

ఆమె వేలు చూపిస్తున్నది గుట్టవైపు కాదు. కిటికీ వైపు. కిందటి వారమే సున్నం పెట్టి కూర్చోబెట్టిన పక్కరాయి వైపు.

"దాని మీద కూడా తీగ ఉంది. మా రాయికి తోబుట్టువులా ఉంది. అది తీసి ఇవ్వండి, ఇది పెట్టుకోండి."

సలోకి నోట్లో సిగరెట్ కింద పడిపోయింది. పిరోష్క చేతిలో ఉన్న రాయిని నేలకేసి కొట్టింది. ఆమె గొంతు లేచింది, కొండ కింద బాతులు కోస్తున్నవాళ్ళు కూడా కత్తులాపి తల ఎత్తారు.

"వద్దు అత్తయ్యా! ఇంక వద్దు! మీ రాయి మీరే ఉంచుకోండి! పడితే పడనీ గోడ!" అక్కడితో ఆగి, ఊపిరి తీసుకుంది. గొంతు తగ్గింది. తగ్గినప్పుడే ఎక్కువ భయపెట్టింది. "గోడ పడితే గేటుకు తాళం వేస్తారు. నాకు పనుండదు. రేపటి నుంచి నేనింట్లోనే. పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టే దాకా మీ వంటింట్లోనే, మీ బల్ల దగ్గరే కూచుంటాను. మీరు ఉల్లిపాయలు తరుగుతుంటే బిషప్పు కథ చెబుతాను. మీరు కునుకు తీస్తుంటే చక్రవర్తి కథ చెబుతాను. మీరు కొట్లోకి పోతే వెనకాలే వచ్చి, క్యాబేజీ వేయడం కూడా నేర్చుకుంటాను. చలికాలమంతా. ఆ పైన వసంతమంతా. మీరు ఉన్నన్నాళ్ళూ, అత్తయ్యా."

ఎతెల్క కోడలి ముఖంలోకి చూసింది. గోడను చూసింది. గోడకు ఆనించిన దుంగలను, గేటును, గేటుకు వేలాడుతున్న తాళాన్ని చూసింది. దేవుడు అంత్యతీర్పు రోజున కూడా అంత సేపు ఆలోచించడు.

"అయ్యో, అంత మాటలెందుకే" అంది చివరికి. "గోడ అన్నాక నిలబడాలి. పద, పద. ఇంజనీరు బాబూ, సున్నం కలుపుకోండి!"

కొండెక్కడానికి పట్టిన సమయంలో సగం కూడా పట్టలేదు ఆమెకు దిగడానికి. కొట్లోకి పోయి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, శిలువ గుర్తు వేసుకుని, రాయి ఎత్తింది. బదులుగా రోజాలియా పందుల పాక రాయినే తెచ్చి, వేడినీళ్ళతో తోమి, దానికి నాలుగు తిట్లు పెట్టి, పీపా మీద పెట్టింది.

పిట్ట రాయి ఉప్పులో ఊరి ఊరి ఊరగాయ ముక్కలా ఉంది. ఉప్పున్న రాయి సున్నాన్ని పట్టదని సలోకి మొత్తుకున్నాడు. వెందెల్ దాన్ని తాడుకు కట్టి పడవ పక్కన సరస్సులోకి దించాడు. ఇంటిగొడవలో అతను చేసిన మొదటి సహాయం అదే. కొన్నాళ్ళు నానబెడితే గానీ ఉప్పు పూర్తిగా దిగదు, అన్నాళ్ళు చలి ఆగదు. మూడో రోజుకే పైకి లాగి, పైన కూర్చోబెట్టి, దుంగలు తీశారు. దుంగలు తీస్తున్నంత సేపూ పిరోష్క గోడకు వీపు ఆనించి నిలబడింది, తనే ఆపుతున్నట్టు. గోడ కదల్లేదు. ఆ రాత్రే మార్టిన్ తెల్లగుర్రం ఊరంతా తిరిగింది.

క్రిస్మస్ వచ్చింది. క్యాబేజీలో మాంసం చుట్టి వండారు. వెందెల్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. పిరోష్కకు ఎప్పటి రుచికీ దీనికీ వెంట్రుకవాసి తేడా తెలియలేదు, తెలియలేదని అనే ధైర్యం కూడా చేయలేదు. ఎతెల్క ఒక ముద్ద నమిలి, కళ్ళు మూసుకుని, "సగం రుచి ఆ గోడ తినేసింది" అంది. అలా అని రెండోసారి వడ్డించుకుంది.

వసంతం రాగానే కొండ మీది మేకలు ఒక వింత నేర్చాయి. రాలిన రాళ్ళ మీంచి గోడెక్కి, కిటికీ పైన ముందుకాళ్ళు ముడిచి వంగి, పిట్టను నాకడం మొదలెట్టాయి. ఉప్పు మరి! పిరోష్క కర్ర పట్టుకుని తరుముతుంటే చూడటానికే జనం కొండెక్కుతున్నారు. తార్తారుల దగ్గర మొదలెట్టి ఆమె కథ చెబుతుంటే, మొదటి మాటకే అడ్డం పడి అడుగుతారు: "అవన్నీ సరేనండీ, క్యాబేజీ రాయి ఏది?"

అంతకన్నా ఘోరం, ఆదివారాలు ఎతెల్క కూడా వస్తోంది. గుండ్రటి ఎండలో ముక్కాలిపీట వేసుకుని కూచుని, వచ్చినవాళ్ళకు వేలెత్తి చూపిస్తుంది.

"అదిగో, ఆ పిట్ట నాదే. సుల్తాను వచ్చినా ఈ కోటలోంచి దాన్ని పట్టుకుపోలేకపోయాడు. మా అత్త, వాళ్ళత్త, వాళ్ళత్త, అందరం కాపాడుకుంటూ వచ్చాం. చివరికి నా దగ్గర్నుంచి పట్టుకుపోయింది ఎవరనుకున్నారు?"

జనం నోళ్ళు తెరుచుకుని వింటారు. ముసలామె గడ్డంతో కోడలివైపు చూపిస్తుంది. కర్ర చేతిలో, మేక ఎదురుగా, పిరోష్క పళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంటుంది.